పచ్చ పార్టీ జెండా

ఈ రోజు పొద్దున పిడుగురాళ్లలో మస్తాన్ బాబాయి టీ కొట్టు దగ్గర పేపరు పైకి చదివి నవ్వులపాలయ్యాను. జర్మనీలో చెట్ల కోసం, గాలి కోసం పెట్టిన పచ్చ పార్టీ ఒకటి తొలిసారి పార్లమెంటులోకి వచ్చిందట.

"పచ్చ పార్టీ మనకాడ లేదా ఏంది? మొన్నేగా రాష్ట్రమంతా గెలిచింది!" అన్నాడు బాబాయి టీ వడపోస్తూ.

"అది పసుపుపచ్చ బాబాయ్. ఇది ఆకుపచ్చ."

"అయితే ఏం చేస్తారంటా?"

"అడవులు కొట్టనియ్యరు. పొగ గొట్టాలు మూయిస్తారు."

నేను గుమస్తాగా పనిచేసే సున్నపు బట్టీ సరిగ్గా ఎదురుగానే పొగ వదులుతోంది. బాబాయి దాని వంక చూసి, నా వంక చూశాడు.

"ఒరేయ్, ముందు నీ కొలువే పోద్దిరా!"

కొట్టంతా గొల్లున నవ్వింది. "పోతే పోయింది, నా ఓటు వాళ్లకే" అన్నాను పౌరుషంగా.

"నువ్వేసినా లాభం లేదులే. ఆ జెండా మనూళ్లో పొద్దున కడితే, సున్నం పడి సాయంత్రానికి తెల్లజెండా అవుద్ది" అన్నాడు.

చానా కోపమొచ్చింది. కానీ ఇప్పుడే ఇంటికొచ్చి చొక్కా విప్పాను. పొద్దున వేసుకున్నప్పుడు అది ఆకుపచ్చదే. మీ ఊళ్లో ఏ రంగు నిలుస్తోంది?