సగం మోతాదు మిరప

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. రోజూ డైరీ రాసేవాడికి చెడు జరగదన్నది ఒకటి. బస్తా మీద ఎద్దుబొమ్మ ఉండే మా కంపెనీ ఎరువు తప్ప లోకంలో మరో ఎరువు లేదన్నది రెండోది. మొన్న పాత డైరీలు దులుపుతుంటే, ఆ రెండూ కూలిపోయిన పదిహేను రోజుల పేజీలు కనిపించాయి. (ఎర్ర సిరాతో గీతలు కూడా కొట్టి ఉన్నాను. దేనికో గుర్తులేదు.)

అరవైల్లో నేను జగ్గయ్యపేటలో మా కంపెనీ డిపో చూసేవాణ్ణి. పోటీ కంపెనీవాళ్ల బస్తా మీద కంకిబొమ్మ ఉండేది. వాళ్ల డిపో నందిగామలో. దాన్ని చూసే ఆయన చొక్కా మీద ముడత పడనిచ్చేవాడు కాదు, అందుకని మేం ఇస్త్రీగారనేవాళ్లం. రోడ్డు పక్క చేలల్లో ఎరువు వేయించి, రైతులకు కనబడేలా బోర్డు పాతడం మా ఇద్దరి పనీను. నేను అంతటితో ఆగలేదు. మా మేనమామ మిరపచేలో సగానికి మా ఎరువు నిండుగా వేయించాను. మిగతా సగానికి కంకిబొమ్మ బస్తా కొనుక్కొచ్చి, చెప్పిన మోతాదులో సగమే చల్లించి, ఎవరిది వారికి బోర్డు పాతాను. మావైపు మొక్క నల్లగా నిగనిగలాడింది. అటువైపుది కామెర్లు వచ్చినట్టు పాలిపోయింది. దారినపోయే బండ్లన్నీ అక్కడ ఆగేవి.

అంతలో మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండు కంపెనీలూ కలిసి ఒకే పెద్ద కంపెనీ అయ్యాయట. ఇకమీదట రెండు డిపోలకూ ఒక్కడే అధికారి. పెద్ద ఆఫీసరు పదిహేను రోజుల్లో జీపులో వచ్చి, మా చేలు చూసి, ఎవరుండాలో తేలుస్తారట. నాకు పెళ్లై ఆరు నెలలు. చేల జాబితా ముందే మద్రాసు పంపాను కాబట్టి బోర్డు పీకలేను. బోర్డులు అటూ ఇటూ మార్చినా పాలిపోయేది ఇప్పుడు మన కంపెనీయే. కంగారులో కంకిబొమ్మ వైపు మిగిలిన సగం మోతాదూ, దానికి మరికొంతా కలిపి, ఆ వట్టి ఎండలో ఒక్కసారే మొక్కల మొదళ్లలో వేయించాను. మూడో రోజుకు ఆకులు మాడిపోయాయి.

"ఏరా అల్లుడూ, పోయిన నెల దాకా ఆ బస్తా విషమన్నావు. ఇప్పుడు నువ్వే దగ్గరుండి పోయించావు. ఏమైందిరా నీకు?" అన్నాడు మామయ్య.

"కంపెనీలు కలిసిపోయాయి మావయ్యా."

"వాళ్లూ వాళ్లూ కలిసిపోతే నా మిరప ఎందుకు మాడాలంట?"



ఆఫీసరు ముందు నందిగామ చూసుకుని, ఇస్త్రీగార్ని జీపులో ఎక్కించుకునే మా చేనుకు వచ్చారు. నందిగామ చేలో ఎద్దుబొమ్మ బోర్డు వెనక మొక్కలు చిక్కి ఉన్నాయట. ఇస్త్రీగారూ నాలాంటివారే. "ఎందుకయ్యా ఇలా?" అని అడిగితే ఇస్త్రీగారు కాలరు సర్దుకుని, "నేల తేడా సార్" అన్నారు. నన్ను మాత్రం ఆఫీసరు, "మీ రికార్డు ఏదీ?" అని అడిగారు. నేను డైరీ ఇచ్చాను. (అడిగితే ఇవ్వాలి కదా.) ఆయన ఒక పేజీ దగ్గర ఆగి పైకే చదివారు: "కంకిబొమ్మ వైపు సగం మోతాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పరాదు."

మామయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నావైపు చూడలేదు.

"డిపోలు ఈయన చూస్తారు. మీరు ఈయన దగ్గర రికార్డు రాయండి. చేసిన మోసాన్ని ఇంత శ్రద్ధగా రాసి పెట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు" అన్నారు ఆఫీసరు.

అలా రోజూ పొద్దున్నే బస్సెక్కి, మామయ్య చేను దాటుకుంటూ నందిగామ వెళ్లి, ఇస్త్రీగారు చెప్పింది చెప్పినట్టు రాశాను. కిటికీ పక్క సీటు దొరికినా కూర్చునేవాణ్ణి కాదు. మరుసటి ఏడు మామయ్య ఎవరి బోర్డూ పాతనివ్వలేదు. పశువుల ఎరువు తోలుకున్నాడు.

ఆఫీసరు వచ్చిన రోజు పేజీ చివర, "రేపటి నుంచి డైరీ మానేస్తాను" అని ఉంది. మర్నాటి పేజీ తిప్పి చూశాను. గుండ్రటి అక్షరాలతో, తేదీ వేసి, కింద గీత కొట్టి రాసుకున్నాను, పిచ్చివాణ్ణి: "ఈ రోజు నుంచి డైరీ మానేశాను."