యతీమ్ కోడె

మొన్న మా పెయ్య ఎదకు వచ్చిందని కబురు పెడితే, పశువుల దవాఖాన నుంచి వచ్చినతను సూది వేసే ముందు ఫోను తీసి ఆబోతుల బొమ్మలు వరుసగా చూపించాడు. ఇది పాలకు మంచిది, ఇది ఎత్తుకు మంచిది, తొలిచూలుకైతే ఇదిగో ఇది వేద్దాం, దూడ చిన్నగా పుడుతుంది, ఈనడం సులువు అని అతను చెబుతుంటే, నేను బొమ్మ కూడా సరిగా చూడకుండా దీని తల్లి ఉన్నదా పోయిందా అని అడిగాను. అతను నవ్వాడు. నవ్వడా మరి. ఆ ప్రశ్న ఎక్కడిదో చెప్పాలంటే, ఆ గల్ఫు ఎడారుల్లో బతికి వచ్చిన నా ఈడు వాళ్లకే చెప్పాలి.

కువైట్ యుద్ధం వచ్చిన కాలంలో నేనూ, మా అక్క భర్త అయిన మా బావా సౌదీలో హఫర్ అల్ బాతిన్ అవతల ఒక మజ్రాలో, అంటే పశువులు పెంచే తోటలో పని చేసేవాళ్లం. ఏజెంటు చెప్పింది కట్టడం పని. దిగినాక మమ్మల్ని రప్పించుకున్న యజమాని, అంటే మా కఫీల్, అందరం బాబా అని పిలిచే పెద్దాయన, బకరా బకరా అంటుంటే మేకలే కదా అని బావ సంబరపడ్డాడు. తీరా చూస్తే అరబ్బీలో బకరా అంటే ఆవట. అవి కోతకు పెంచే పశువులు. కోత అన్న మాటను బావ ఎన్నడూ నోటితో అనలేదు. మన బాబా గొడ్లు అనేవాడు, మేత వేసే ముందు ఒక్కొక్కదాని నొసట చేయి ఆనించేవాడు.

ఆ ఏడు వేసవి మొదట్లో మందలోని పెయ్యలు ఎదకు వచ్చాయి. తొలిచూలుకు బాగా ఒడ్డూ పొడుగూ ఉన్న ఆబోతును కడితే దూడ దారిలో ఇరుక్కుంటుందని బాబాకూ తెలుసు, ఇంటి దగ్గర గొడ్లు కాసిన బావకూ తెలుసు. అందుకని ముగ్గురం కలిసి ఇంకో మజ్రాకు వెళితే అక్కడ రెండు కోడెలు చూపించారు. ఎర్రది కొండలా ఉంది. నల్లది సన్నగా, భుజాలు ఇరుకుగా, మొహం కోలగా ఉంది. అమ్మే ఆయన నల్లదాని వీపు తట్టి యతీమ్ అన్నాడు. ఆ మాట మాకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు, తల్లిలేని పిల్లను మా జగిత్యాల వైపూ అట్లాగే అంటారు. బావ కరిగిపోయాడు.

"తల్లి లేదట బామ్మర్ది, ఎట్ల బక్కగున్నదో సూడు. దీని దూడలు గింతంత పుడ్తయి."

బాబా తల ఊపాడు. నల్లదే మాతో వచ్చింది. తల్లి ఎప్పుడు పోయింది, ఎట్లా పోయింది అని ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు.

చలికాలం వచ్చేసరికి పెయ్యల కడుపులు దిగాయి. రోడ్ల మీద ఎటు చూసినా మిలిటరీ బండ్లే. బాబా ఇంటివాళ్లను తీసుకొని జిద్దా పోతూ, పాస్‌పోర్టులు తన దగ్గరే ఉంచుకొని, ఒక్కటీ చావకుండా పెయ్యలన్నీ ఈనితే ఇద్దరికీ ఖురూజ్, అంటే దేశం దాటిపోయే ముద్ర, కొట్టిస్తానని మాట ఇచ్చాడు. ఆ ముద్ర పడితేనే ఇల్లు. ఇక్కడ ఇంటి దగ్గర మా అక్క రేడియో వార్తలు విని అన్నం ముట్టడం లేదని అప్పటికే మాకు తెలిసింది. ఇక చూసుకోండి, మా ప్రాణాలు ఆ గొడ్ల కడుపుల్లోనే ఉన్నాయి.

మాకు తోడుగా బాబా ఒక సూడాన్ ముసలాయనను పెట్టిపోయాడు, చాచా అని పిలిచేవాళ్లం. ఆయన అంతకు ముందు ఆ కోడెను అమ్మిన మజ్రాలోనే పని చేశాడట. నల్లదాన్ని చూడగానే గుర్తుపట్టి, రెండు చేతులూ బార చాపి చూపించాడు. పుట్టినప్పుడు ఇది ఇంత ఉన్నది, నలుగురం తాళ్లు కట్టి లాగాం, తల్లి అక్కడే చచ్చిపోయింది, ఆ తరువాత పాలు లేక ఇట్లా చిక్కిపోయింది అని. బావ అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. మేము చూసింది దాని పుట్టుకను కాదు, దాని ఆకలిని.

అప్పటి నుంచి మాకు రెండు భయాలు, యుద్ధం ఒకటి, ఆ కోడెలాగే పెద్దగా పుట్టబోయే దూడలు ఒకటి. పైన విమానాలు పోతుంటే రేకుల షెడ్డు వణికేది. గాలిలో విషం వదులుతారని ఎవరో చెబితే కిటికీలకు ప్లాస్టిక్ అంటించి, తడి తువ్వాళ్లు దగ్గర పెట్టుకున్నాం.

"మనకు సరే, గొడ్ల ముక్కులకు ఏం కడ్తవురా?" అన్నాడు బావ.

నాకు నవ్వొచ్చింది గాని బావ నవ్వలేదు, నిజంగానే గోనె సంచులు కోసి తడిపి పెట్టాడు. రోజూ పొద్దున్నే కడుపుల మీద చేయి వేసి చూసేవాడు, పక్కనే నేనూ వేసేవాణ్ణి.

మొదటి పెయ్య ఈనే రోజు కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగ వచ్చి మిట్టమధ్యాహ్నమే చీకటి పడింది. లాంతరు పెట్టుకొని చూస్తే బయటికి వచ్చిన ముందుకాళ్ల గిట్టలు మొద్దుల్లా ఉన్నాయి. బావ నా మొహం చూశాడు, నేను చాచా మొహం చూశాను. తల వచ్చింది, భుజాల దగ్గర ఆగిపోయింది. దూరంగా ఏదో పేలితే పెయ్య బెదిరి ముక్కడం మానేసింది. నేను తాడు గుంజబోతే చాచా నా చేయి పట్టుకొని శువయ్య, శువయ్య, మెల్లగా అన్నాడు. అది ముక్కినప్పుడే లాగాలి, అది ఆగితే మేమూ ఆగాలి. ఆ ఆగడం ఉన్నదే, దాని ముందు బాంబులు ఏపాటి. చివరకు దూడ జారి పడింది, బతికే ఉంది. తల్లి కూడా బతికింది గాని వెనకకాళ్లు పడిపోయి లేవలేదు.

అది లేవకముందే, యుద్ధం ఆగిందని బాబా వచ్చాడు. చూసి, ఊరికే చస్తే మాంసం హరాం, తినడానికి పనికిరాదని చాచాను కత్తి తెమ్మన్నాడు. బాబా ముందు ఎన్నడూ గొంతెత్తని బావ పెయ్యకు అడ్డంగా కూర్చొని, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో కోడె తల్లి సంగతి చెప్పాడు. బాబా గడ్డం నిమురుకొని, యతీమ్ అన్న మాట నేనూ విన్నాను, నేనూ అడగలేదు అని, కత్తి వెనక్కి పంపాడు. మేము గడ్డిమోపులు ఆనించి దాన్ని అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాం. మర్నాడు అది వణుక్కుంటూ లేచింది.

కానీ బాబాకూ భయం పట్టుకుంది. మిగతా చూలు పెయ్యలను ఎవరికో అమ్మేసి, ఇక ఇక్కడ మీకేం పని అని మాకు ఖురూజ్ కొట్టించాడు. వాటిని బండి ఎక్కిస్తుంటే బావ ఆగలేక, కొన్నవాళ్లు పంపిన మిస్రీ, అంటే ఈజిప్టు, డ్రైవరుకు కడుపులు చూపిస్తూ యతీమ్, యతీమ్ అని చెప్పాడు. మేమిద్దరమే దిక్కులేని వాళ్లమని అనుకున్నాడు కాబోలు, ఆ పుణ్యాత్ముడు బావ భుజం తట్టి తన రొట్టె చేతిలో పెట్టి బండి తోలుకుపోయాడు.

అవి ఎట్లా ఈనాయో మాకు తెలియలేదు. ఎన్నో ఏళ్లు, పక్కన కూర్చొని ఉండి ఉండి "ఏమైనయోరా" అనేవాడు బావ, నేను బాగనే ఉంటయి అనేవాణ్ణి. ఇప్పుడు అక్కడికి పోయిన పిల్లలు తిన్న అన్నం కూడా ఫోనులో చూపిస్తారు, దవాఖాన వాళ్లు పెయ్యకు పుట్టబోయే దూడ ఎంత ఉంటుందో ముందే చెప్పేస్తారు, మంచిదే. మాకు ఏమీ తెలిసేది కాదు. తెలియక ఇద్దరం ఒకే గొడ్డు మీద చేతులు వేసి భయపడేవాళ్లం. బావ పోయాక ఆ పెయ్యల గురించి భయపడటానికి నేనొక్కణ్ణే మిగిలాను.