టీచరు గారు ఫెయిల్ చేసిన పిస్టల్

2023 వేసవి. అమలాపురంలో నా తుపాకుల దుకాణం. నలభై ఏళ్లుగా లైసెన్సున్నవాళ్లకి తుపాకులు అమ్ముతూ, బాగుచేస్తూ బతుకుతున్నాను. గోదావరికి ఈవలున్న జమీందార్లందరూ నా దగ్గరే కొన్నారు. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే చెయ్యి చూసి, ఏ తుపాకీ నప్పుతుందో చెప్పేయగలను.

సరే, జమీందార్లందరూ అంటే ఇద్దరు. అందులో ఒకాయన కొన్నది తుపాకీ కాదు, తుడుచుకునే నూనె సీసా. నిజానికి నా దుకాణం నడిచేది బ్యాంకు గార్డుల డబుల్ బ్యారెళ్ల రిపేర్లతోనూ, ఎన్నికలప్పుడు జనం తెచ్చి డిపాజిట్ చేసే తుపాకులకి రశీదులు రాయడంతోనూ. ఒంటిమీద పెట్టుకు తిరిగే చిన్న ఆయుధం కావాలని వచ్చేవాళ్లు ఏడాదికి ఇద్దరుంటే గొప్ప. ఇక చెయ్యి చూసి చెప్పే విద్య బండారం ఇప్పుడు మీరే చూస్తారు.

ఆ రోజు వచ్చినావిడ కరుణ టీచరు గారు. హిందీ పంతులమ్మగా రిటైరై, రాజోలు అవతల రెండు రొయ్యల చెరువులు లీజుకి తీసుకున్నారు. ఆ లీజు వదిలేయమని అంతకుముందు ఇద్దరు మనుషులు పొద్దున్నే గట్టు మీదకొచ్చి, మాటా మాటా పెరిగి, ఆవిణ్ణి నీళ్లలోకి తోసేశారు. కేసు పెట్టారు. పోలీసు విచారణ, ట్రైనింగ్ సర్టిఫికెట్, కలెక్టరేట్ చుట్టూ తిరుగుళ్లు అన్నీ అయ్యాక లైసెన్సు వచ్చింది. కానీ నాలుగు నెలలుగా ఆవిడ చెరువు గట్టెక్కలేదు.

"ఇంట్లో కూర్చుని రొయ్యలు పెంచలేం కదా బాబాయి గారూ," అన్నారు. "ఈ పంటకి కూడా నేను వెళ్లలేకపోతే చెరువులు వదిలేసుకోవడమే."

వెంట తమ్ముడు ప్రభాకర్ ఉన్నాడు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అద్దాల బీరువాలో అన్నిటికన్నా పెద్ద పిస్టల్ మీదే అతని చూపు.

"ఇదండీ! దీన్ని చూస్తేనే పారిపోతారు," అన్నాడు.

నేను దాన్ని తీసి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, స్లైడ్ లాగి చూపించాను. స్లైడ్ అంటే పిస్టల్ పైభాగం. దాన్ని గట్టిగా వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. టీచరు గారి చేతికిచ్చి అడిగాను.

"బాగుందాండీ?"

"ఆయ్."

నా అనుభవం ఊరుకోదు కదా! ఆడవాళ్లకి తేలికది నప్పుతుందని నా సిద్ధాంతం. అరచేతిలో ఇమిడే బుల్లి రివాల్వర్ తీశాను. దాని ఉపన్యాసం పావుగంట చెప్పాను.

"హాయిగా ఉందాండీ?"

"ఆయ్."

ప్రభాకర్ మొహం చిట్లించి, ఫోనొస్తే బయటికెళ్లాడు. నేను గెలిచినట్టే లెక్క. రిజిస్టర్ తెరిచి ముందుకు జరిపాను. ఒకసారి ఆయుధం నంబరు లైసెన్సు మీదకి ఎక్కిందంటే మార్చుకోవడం చీర మార్చుకున్నట్టు కాదు. మళ్లీ అర్జీ, మళ్లీ కలెక్టరేట్.

సంతకానికి ఆవిడ సంచిలోంచి పెన్ను తీశారు. పెన్ను చుట్టూ గుడ్డపీలిక చుట్టి, దారంతో కట్టి ఉంది.

"ఆ గుడ్డేంటండీ టీచరు గారూ?"

"చాక్‌పీసు పట్టుకుని పట్టుకుని బొటనవేలి కీలు అరిగిపోయిందండి. సన్నటివి పట్టుకుంటే ప్రాణం పోతుంది. లావుగా చేసుకోమన్నారు డాక్టరు గారు."

"మరి ఇందాక స్లైడ్ లాగేరు?"

"నేనెక్కడ లాగేనండీ? మీరే లాగి ఇచ్చేరు."

"బుల్లిది హాయిగా ఉందన్నారు?"

"మీరంత సరదాగా చెబుతుంటే కాదంటే ఏం బాగుంటుందండీ?"

నేను రిజిస్టర్ మూసేశాను. ఆవిడ కళ్లలో సందేహం నేను ముందే పసిగట్టానని చాలామందికి చెప్పుకున్నాను. అబద్ధం. ఆ గుడ్డపీలిక కనబడకపోతే, కోనసీమ మర్యాదకి దండం పెట్టి, పనికిరాని ఆయుధం అంటగట్టి పంపేసేవాణ్ణి. మన ప్రాంతంలో ఆయ్ అంటే వింటున్నానండీ అని. సరేనని కాదు. పుట్టి బుద్ధెరిగి ఇక్కడే ఉన్నవాడిని, నాకే ఆ సంగతి తట్టలేదు.

బల్ల మీద ఉన్నవన్నీ వరసగా పెట్టాను. "టీచరు గారూ, ఇవి పరీక్ష రాసిన పిల్లలనుకోండి. మార్కులు వేయండి. మొహమాటం పడితే పిల్లలు పాడైపోతారు."

అంతే, ఆవిడ నడుం నిటారైంది.

పెద్ద పిస్టల్ తీసుకుని స్లైడ్ లాగబోయారు. కదల్లేదు. "ఫెయిల్." బుల్లి రివాల్వర్ పట్టుకున్నారు. "దీనికి పట్టుకునే చోటేదండీ? చిటికెనవేలు గాల్లో ఉంది. పేలితే చేతిలో ఉంటుందా?" ఉండదు. ఆయుధం ఎంత తేలికైతే రికాయిల్, అంటే పేలినప్పుడు చేతిని తన్నే తన్ను, అంత ఎక్కువ. తేలికదంటూ నలభై ఏళ్లు నేను అమ్మిన ఉపన్యాసం అక్కడితో ముగిసింది. "ఇదీ ఫెయిల్," అన్నారు. నన్నే అన్నట్టనిపించింది.

మిగిలింది బీరువా మూలనున్న ఉక్కు రివాల్వర్, ముప్పై రెండు బోరుది. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. లాగడానికి స్లైడ్ లేదు. డబుల్ యాక్షన్ కనక బొటనవేలితో వెనకున్న హ్యామర్‌ని, అంటే తూటాని కొట్టే సుత్తిని, ఎత్తనక్కర్లేదు. ట్రిగ్గర్ నొక్కితే అదే లేచి పడుతుంది. ట్రిగ్గర్ కొంచెం బరువే. రెండు చేతులా పట్టుకోమన్నాను. డమ్మీ తూటాలు పెట్టి, గోడవైపు చూపించి నొక్కారు. టక్. మళ్లీ టక్.

"ఆరు మార్కులు. ట్రిగ్గర్‌కి వేలి కొసే అందుతోందండి."

పిడి వెనక మందం ఎక్కువ. చెక్క పిడి విప్పి, వెనకవైపు ఉప్పుకాగితంతో అరగదీశాను. పక్కలు మాత్రం నిండుగానే ఉంచాను, బొటనవేలికి సుఖం కోసం. మూడుసార్లు విప్పి బిగించాక తొమ్మిది వేశారు.

"పదోది?"

"పదికి పది నేనెవరికీ వేయలేదండి."

అప్పుడొచ్చాడు ప్రభాకర్. "ఇదేంటక్కా, పాత సామానులా ఉంది! ఆ పెద్దది చూపిస్తే హడలిపోతారు కదా."

"చూపించడానికైతే దీపావళి తుపాకీ చాల్దేంట్రా? ఇది చూపించేది కాదు. ప్రాణం మీదకొస్తే తప్ప తీసేదీ కాదు."

నేను పంతొమ్మిది వాక్యాల్లో చెప్పే జాగ్రత్తని ఆవిడ రెండింటిలో తేల్చేశారు.

ఎక్కడ పెట్టుకుంటారని అడిగాను. చేతిసంచిలో అన్నారు. గట్టు మీద సంచి ఎక్కడుంటుందంటే మోటారు షెడ్డులో మేకుకి. "అయితే ఆయుధం షెడ్డుకి రక్ష, మీకు కాదు," అన్నాను. నవ్వి, చెరువుల మీద ఎండకి చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంటానని చెప్పారు. సరిగ్గా దాని కింద దాగేలా నడుం బెల్టు, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి తోలు హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, కుట్టించాం. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది కాబట్టి రోజూ నూనెగుడ్డతో తుడవాలన్నాను.

తరవాత ఆవిడ గురి చూసుకోవడానికి రైఫిల్ క్లబ్ రేంజికి వెళ్తే నేనూ వెళ్లాను. ఆరు గుళ్లూ నల్ల చుక్కలోనే దిగాయి! ...చుక్కలో దిగినవి మూడు. రెండు దాని పక్కన. ఆరోది పక్కవాడి టార్గెట్‌కి తగిలి, వాడికి మార్కు కలిసింది. ఆవిడ వేళ్లు ఆడించుకుని చూసుకున్నారు. "నొప్పి లేదు బాబాయి గారూ," అన్నప్పటి ఆ మొహం ముందు నా నలభై ఏళ్ల గొప్పలు చిత్తుకాగితాలు.

ఆ బేరం తరవాత నేను "బాగుందా?" అని అడగడం మానేశాను. "ఎక్కడ బాగోలేదు?" అంటాను. చేతులు చూస్తాను, ఏం కట్టుకుంటారో అడుగుతాను, రోజంతా ఎక్కడ తిరుగుతారో చెప్పించుకుంటాను. అప్పుడే బీరువా తెరుస్తాను.

రేంజి నుంచి వచ్చిన వారం తిరక్కుండా పొద్దున్నే టీచరు గారి ఫోను.

"బాబాయి గారూ, గట్టు మీంచే మాట్లాడుతున్నానండి. ఒక్కదాన్నే వచ్చేను. వాళ్లిద్దరూ బండి మీద అలా వెళ్లేరు, చూసేరు. నేను పని ఆపలేదండి."

"తీయాల్సి వచ్చిందాండీ?"

"తీసేనండి, మేత తిన్నయ్యో లేదో చూసుకునే ట్రే. అడుగంటా ఖాళీ చేసేసినయ్యి. రొయ్య బ్రహ్మాండంగా తింటోందండి!"