క్యాలెండరు వెనక గీసిన మ్యాపులు

మా చిన్నప్పుడు రాయచెర్లులో కరెంటు ఎప్పుడు పోతుందో ముందే చెప్పేదాన్ని నేను... ఇంటి వెనక బోరు మోటారు గొంతు మారిందంటే ఇంకో నిమిషంలో ఇల్లంతా ఆగిపోతుందని లెక్క. వెంటనే అరిచేదాన్ని. "అన్నా, సత్రానికి పో."

నిజం సత్రం కాదు. మా చిన్నాయన బెంగళూరు నుంచి తెచ్చిన పాత కంప్యూటర్లో ఒక ఆట ఉండేది. కత్తి పట్టుకున్న వీరుడు ఊరూరూ తిరిగి, కనబడినవాళ్లతో మాట్లాడి, రాక్షసులను కొట్టి బలం పెంచుకుంటాడు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ ఆట వరుసగా చాలా భాగాలు వచ్చింది, మాది రెండోది. అందులో ఎక్కడ పడితే అక్కడ సేవ్ కాదు, సత్రంలో పడుకుంటేనే అవుతుంది. అంతలో కరెంటు పోయిందా, పొద్దుట్నుంచి పడిన కష్టమంతా గోవిందా.

కీబోర్డు అన్న చేతిలో... నేను పక్కన శెనక్కాయల మూట మీద.

ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, మా వైపు బడి కన్నడ మీడియం. ఆటలో మాటలన్నీ ఇంగ్లీషు. అన్నకు చదవాలంటే బద్ధకం. నేనే డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కో మాట వెతికి, ఏ తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పేదాన్ని. దారులన్నీ పాత క్యాలెండరు కాగితాల వెనక గీసేదాన్ని. ఆటలోని ఊర్ల పేర్లకు నోరు తిరిగేది కాదు గనక మన పేర్లే పెట్టుకున్నాను. బండ కొండ మీద కోట ఉన్న ఊరు పావగడ. ఎప్పుడూ ఎండిపోయి ఉండే ఊరు మంగళవాడ, మా అవ్వగారిది. ఒకసారి దూరితే బయటపడలేని గుహ ఉండేది... దానికి లెక్కల మేష్టారి ఇల్లు అని రాశాను.

"నేనూ ఒగసారి ఆడతా అన్నా" అని అడిగేదాన్ని.

"నువ్వు మ్యాపు చూడు పాపా, అదే కష్టం" అనేవాడు.

మెచ్చుకుంటున్నాడని పొంగిపోయేదాన్ని. ఎంత పిచ్చిదాన్నో.

ఆ గుహ చివర ఒక రాక్షసుడు. పది రోజులు కొట్టినా చావలేదు. గుహలో దీపం ఆర్పితే వాడికి కళ్లు కనబడవని ఆటలో ఒక ముసలాయన చెప్పాడు. అది చదివి అన్నకు చెబితే "అదంతా ఉత్తదే" అని కొట్టిపారేశాడు.

ఒక రోజు అందరూ శెనక్కాయలు పెరకడానికి చేనికి పోయారు. నాకు జ్వరమని ఇంట్లో వదిలారు. మోటారు చప్పుడు మీద ఒక చెవి పెట్టి, మొదటిసారి కీబోర్డు ముందు కూర్చున్నాను. దీపం ఆర్పాను... నాలుగు దెబ్బలకే పడిపోయాడు. కరెంటు పోకముందే వీరుణ్ని సత్రానికి పరిగెత్తించి సేవ్ చేశాను.

సేవ్ చేసుకోవడానికి ఉన్నది ఒకటే చోటు. అది అన్నది. వీరుడికి పెట్టిన పేరు కూడా అన్నదే.

సాయంత్రం అన్న వచ్చి చూశాడు. నా వైపు ఒకసారి చూసి, నవ్వి, వీధిలోకి పోయాడు. "సంపినాను రా వాన్ని" అని స్నేహితులకు చెప్పడం గడప దగ్గర నిలబడి విన్నాను. అమ్మేమో "జరం పెట్టుకోని ఆ డబ్బా ముందర కూసుంటావా" అని తిట్టి, కంప్యూటరు మీద పాత చీర కప్పేసింది. నేను గెలిచానని ఎవరికీ చెప్పలేదు. స్క్రీన్ మీద అన్న పేరుంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు ఆ శెనక్కాయల చేనంతా సోలార్ పలకలు. లీజుకిచ్చేశాం. నేను ఆ సోలార్ పార్కులోనే కంట్రోల్ రూంలో పని చేస్తున్నాను. ఏ వరుసలో ఎంత కరెంటు తయారవుతోందో స్క్రీన్ మీద చూడటం నా ఉద్యోగం. అన్నకు పావగడలో మొబైల్ షాపు ఉంది.

పోయిన వారం ఆ ఆట అభిమానుల గ్రూపులో పెద్ద రచ్చ... పాత భాగాలు గొప్పా, కొత్తవి గొప్పా అని. కొత్త దాంట్లో దారి చూపడానికి బాణాలుంటాయి. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ ఎవరి పేరుతో వాళ్లు ఆడుకోవచ్చు. "చేతకానివాళ్ల ఆట" అని ఒకాయన తేల్చేశాడు.

ఆ రచ్చ మధ్యలో మా అన్న ఒక ఫొటో పెట్టాడు. రంగు మారిన క్యాలెండరు కాగితం... మీద నా చేతిరాత. లెక్కల మేష్టారి ఇల్లు.

కింద ఇలా రాశాడు. "మేము బాణాలు చూసి ఆడలేదు. చిన్నప్పుడు నా చేత్తో గీసుకున్న మ్యాపు ఇది. ఇప్పటివాళ్లకు ఈ ఓపిక ఏది?"

పొగడ్తలే పొగడ్తలు. నేను ఒక్క ముక్క రాశాను, "నాకు కొత్తదే ఇష్టం" అని. వెంటనే ఎవరో జవాబిచ్చారు. "మీరు పాతది ఆడి ఉండరు మేడం, అందుకే." ఆ జవాబుకు లైక్ కొట్టినవాళ్లలో మా అన్న ఉన్నాడు.

ఒళ్లు మండిపోయి ఫోన్ చేశాను.

"ఆ మ్యాపు ఎవురు గీసినారన్నా?"

"ఏదోలే పాపా... రాసేటప్పుడు అట్ల వచ్చినాది. ఇద్దరమూ కలిసే కదా ఆడినాము."

"నేను యాడ ఆడినా?"

"పక్కనే ఉంటివి కదప్పా" అన్నాడు.

అన్న అబద్ధం చెప్పడం లేదు. అన్నకు నిజంగానే అట్లా గుర్తుంది... అదే నాకు ఇంకా మంట.

కొత్త భాగం మొదలవగానే మీ పేరేంటని అడుగుతుంది. నిన్న డ్యూటీ దిగి వచ్చి, ముప్పై దాటిన వయసులో, మొదటిసారి నా పేరు కొట్టాను. బాణాలు చూపిస్తే చూపించనీ.

పాత ఆటే గొప్పదని వాదించే అన్నలందరినీ ఒకటే అడుగుతున్నా... మీరు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసింది ఎవరు? వాళ్ల పేరు కింద రాయండి. మీ పేరు వద్దు, అది అప్పట్నుంచీ స్క్రీన్ మీదే ఉంది కదా.