గిరావీన్ దాకా వానలో: రేడియో శేషగిరి గారి సన్మానం

వానాకాలంలో కాన్‌బెర్రా నుంచి సిడ్నీకి కారులో వెళ్లి అదే రోజు తిరిగి రావచ్చా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. రావచ్చు. నేను వెళ్లొచ్చాను. ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. శేషగిరి గారు సిడ్నీ శివార్లలోని గిరావీన్‌లో ఉన్న రోజుల్లో, అక్కడి ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో ఇరవై రెండేళ్ల పాటు ప్రతి శనివారం పొద్దున గంటసేపు తెలుగు కార్యక్రమం నడిపారు. జీతం లేదు. నేను సిడ్నీలో యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో వారం మొత్తానికీ ఇంగ్లీషు లేని గంట నాకు అదొక్కటే. భార్య పోయాక ఆయన కాన్‌బెర్రాకు, గంగాలిన్‌లో ఉండే కూతురు లలిత దగ్గరికి వచ్చేశారు. ఇప్పుడు మాదీ అదే వీధి. ఈమధ్యే ఆయనకు గొంతులో క్యాన్సర్ అని తెలిసింది. గురువారం ఆపరేషన్, స్వరపేటిక తీసేస్తారన్నారు. దానికి ముందు శనివారం సిడ్నీలో సన్మానం. లలిత నర్సు, ఆ రోజు షిఫ్ట్ మార్చుకోవడం కుదరలేదు. నేను తీసుకెళ్తానన్నాను. "నాన్న వెళ్లేది శాలువా కోసం కాదే, లాస్ట్ టైమ్ మైక్‌లో మాట్లాడాలంట. సర్జరీ విషయం మాత్రం అక్కడ ఎవ్వరికీ చెప్పొద్దన్నాడు. జాలిపడి మైక్ ఇస్తే నాకొద్దు అన్నాడు," అంది లలిత.

పొద్దున ఆరుంపావుకు బయలుదేరాం. ఫెడరల్ హైవే మీదుగా హ్యూమ్ హైవే ఎక్కి, ఎం సెవెన్ టోల్ రోడ్డు దగ్గర మళ్లి గిరావీన్ చేరడానికి మామూలుగా మూడు గంటలు చాలు. ఆ రోజు నాలుగున్నర పట్టింది. పెట్రోలుకు రానూపోనూ ఎనభై డాలర్ల దాకా, టోల్ అదనం. మూడు రోజులుగా పడుతున్న వాన లేక్ జార్జ్ దాటగానే ఇంకా పెరిగింది. ముందున్న లారీల చక్రాల నుంచి లేచే నీళ్లకు వైపర్లు ఎంత కొట్టుకున్నా లాభం లేకపోయింది. ఆయన దారంతా కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ కూర్చున్నారు. ఏం చెప్పాలో వరస పెట్టుకుంటున్నారని అర్థమై నేను పాటలు పెట్టలేదు. గౌల్‌బర్న్‌లో టీకి ఆగితే, కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ ఆయన గొంతు విని జలుబనుకుంది. "వాన దెబ్బ కొట్టినట్టుంది, డార్లింగ్," అంటూ రెండు గొంతు బిళ్లలు ఊరికే ఇచ్చింది. ఆయన నవ్వి, థాంక్స్ చెప్పి జేబులో వేసుకున్నారు.

హాలు దగ్గరికి పదిమ్ముప్పావుకు చేరాం. లోపల అప్పటికే గొడవ. సిడ్నీలో ఈ వైపు ఒకప్పుడు ఒకటే తెలుగు సంఘం, ఇప్పుడు రెండు. శేషగిరి గారి సన్మానం పాత సంఘానిది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక టీవీ యాంకరమ్మకు కొత్త సంఘం వేరే హాల్లో సన్మానం పెట్టుకుంది. ఆ హాల్లోకి తెల్లవారుజామున మోకాలి లోతు నీళ్లొచ్చాయి. దాంతో రెండు సభలూ ఈ ఒక్క హాల్లోకే వచ్చిపడ్డాయి. వేదిక మధ్యలో ఎవరి బ్యానర్ ఉండాలి, దీపం ఎవరు వెలిగించాలి, ముందు సన్మానం ఎవరికి? వచ్చే సిటీ కౌన్సిల్ ఎన్నికలకు రెండు సంఘాలకూ చెరొక అభ్యర్థి ఉన్నారు కాబట్టి ఎవరూ తగ్గలేదు. బయట కాలువ పొంగి రోడ్డు మూస్తున్నారు, వీళ్లు బ్యానర్‌కు తాళ్లు కట్టి ఇటొకరు అటొకరు లాగుతున్నారు. పదకొండింటి సభ పన్నెండు నలభైకి మొదలైంది. సాయంత్రం నాలుగింటికల్లా హాలు ఖాళీ చేసి తాళాలు ఇవ్వాలి, అది కౌన్సిల్ నిబంధన.

నేను వంటింట్లోకి వెళ్లాను. వంట చేస్తున్న సుజాతక్కది ఖమ్మం, వెనక తలుపు కింద నుంచి వస్తున్న నీళ్లకు గోనెపట్టాలు అడ్డం వేస్తోంది. "రేడియో అంకుల్ వచ్చిండా? శనివారం పొద్దుగాల ఆయన మాట ఇనుకుంటనే టిఫిన్లు చేసేదాన్ని. ఈ వయసుల కారం తినలేడేమో, పెరుగన్నం మెత్తగ కలిపి పంపుత. ఆయన మాట్లాడేటప్పుడు నన్ను పిలువు చెల్లె, గరిట పక్కన పెట్టొస్త," అంది.

మన సభల్లో ఒక పద్ధతి ఉంది. సన్మానం ఎవరికో ఆయన అందరికన్నా చివర మాట్లాడాలి. ముందు ఆయన గురించి మిగతావాళ్లంతా మాట్లాడతారు. ఆ రోజు సంఘాలు రెండయ్యేసరికి వక్తలూ రెండింతలయ్యారు. పాత అధ్యక్షుడు పావుగంట మాట్లాడితే కొత్త అధ్యక్షురాలు ఇరవై నిమిషాలు. ఒక అభ్యర్థి శాలువా కప్పితే రెండో అభ్యర్థి ఇంకొకటి. శేషగిరి గారి భుజాల మీద నాలుగు శాలువాలు పేరుకున్నాయి. ఆ ఉక్కలో చెమటలు కారుతున్నా ఆయన తియ్యలేదు. అందరూ ఆయన గొంతునే పొగిడారు. కంచు గంట అన్నారొకరు, ఆ గొంతు వందేళ్లు వినబడాలన్నారు ఇంకొకరు. నాకు లేచి అరవాలనిపించింది.

మూడున్నరకు సభ నడుపుతున్న ప్రకాష్ దగ్గరికి వెళ్లాను. "అంకుల్‌ని ఇప్పుడే మాట్లాడించండి, ప్లీజ్. ఆయన అలిసిపోయారు."

"తెలుసండీ, బట్ ప్రోటోకాల్ ఉంటది కదా. యాంకర్ మేడమ్ స్పీచ్ అవ్వకుండా ఆయన్ని పిలిస్తే అవతల బ్యాచ్ వాకౌట్ చేస్తారు. జస్ట్ టెన్ మినిట్స్ అండీ."

నిజం చెప్పేస్తే అప్పుడే మైకు ఇచ్చేవారు. మాట నాలిక దాకా వచ్చింది. వేదిక మీద నుంచి శేషగిరి గారు నావైపే చూస్తూ వద్దన్నట్టు తల ఊపారు. నేను మింగేశాను. యాంకరమ్మ మాట్లాడుతుండగానే కౌన్సిల్ మనిషి తడిసిన రెయిన్‌కోటుతో వచ్చి, వెనక వీధి మునుగుతోంది, అందరూ వెంటనే బయటికి వెళ్లాలన్నాడు. మైకు ఆపేశారు. గ్రూప్ ఫోటోకు మాత్రం టైముంది. సుజాతక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అయిపోయిందా? అంకుల్ మాట్లాడిండా?" అంది.

నాలుగుంపావుకు తిరుగు ప్రయాణం. పిక్ట‌న్ దాటాక వాన కళ్లు తెరవనివ్వలేదు. ఇంకా పగలే అయినా అందరం లైట్లు వేసుకుని అరవైలో వెళ్తున్నాం. మిట్టగాంగ్ దగ్గర ఆయన శాలువాలు తీసి ఒళ్లో మడతపెట్టుకుని గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, అక్కడ నేను చెబ్దామనుకుందేవిటంటే..."

అప్పుడే పక్కనుంచి ఒక పెద్ద లారీ దాటింది. అద్దమంతా తెల్లబడింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, "ఒక్క పది నిమిషాలు అంకుల్, ఈ వాన దాటనివ్వండి. రోడ్డు కనబడట్లేదు," అన్నాను. కొంచెం విసుగ్గానే అన్నాను.

"సరేనమ్మా, నువ్వు రోడ్డు చూసుకో," అన్నారు.

మారులాన్ దగ్గర వాన తగ్గింది. "ఇప్పుడు చెప్పండి అంకుల్," అన్నాను. ఆయన నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని, ఫర్వాలేదన్నట్టు నా భుజం తట్టారు. తర్వాతి నాలుగు రోజులూ గొంతు అలాగే ఉందట. గురువారం ఆపరేషన్ అయింది. మరుసటి వారం హాస్పిటల్‌కు వెళ్లి, ఆ రోజు ఏం చెప్పాలనుకున్నారని అడిగాను. ఆయన పలక మీద నెమ్మదిగా రాసి చూపించారు: "మర్చిపోయానమ్మా."

ఇరవై రెండేళ్లు చేతిలో కాగితం లేకుండా మాట్లాడిన మనిషి ఆయన. మర్చిపోలేదు. నేను బాధపడతానని అలా రాశారు. తిరిగి వచ్చిన కొత్తలో ఆ రెండు సంఘాలనూ కనబడ్డవాళ్లందరి దగ్గరా తిట్టాను. ఇప్పుడు తిట్టడం లేదు. వాళ్లు మూడు గంటలు ఆయన్ని ఆగమన్నారు, నేను పది నిమిషాలు ఆగమన్నాను. ఆయనకు మిగిలింది ఆ పది నిమిషాలే.

ఈ దారిలో వానలో వెళ్లేవారికి ఒక్క సలహా. హ్యూమ్ హైవే పొడవునా పక్కకు ఆపుకునే రెస్ట్ ఏరియాలు ఉన్నాయి, ఆపినందుకు డబ్బులు అడిగేవారు లేరు. మిట్టగాంగ్ తర్వాత కొద్ది దూరంలోనే ఒకటుంది. ఆ రోజు దాని బోర్డు నాకు కనిపించింది కూడా. రోడ్డు కనబడనప్పుడు, పక్కసీటులో మనిషి ఏదో చెప్పబోతున్నప్పుడు, కారు అక్కడ ఆపండి.