అక్కా అని పిలిచిన బ్యాంకు

జెర్సీ సిటీ స్టేషన్‌లో ట్రైన్ కోసం కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. బ్యాంకు నుంచట. నా అకౌంట్‌లోకి ఎవరో చొరబడ్డారనీ, మెసేజ్‌లో వచ్చిన కోడ్ చెబితే ఆపేస్తాననీ అన్నాడు. ఇంట్లో బ్లౌజులు కుట్టి బతికేదాన్ని. కస్టమర్లు ఇచ్చిన అడ్వాన్సులన్నీ అందులోనే ఉన్నాయి. మెసేజ్ చూడ్డానికి స్పీకర్ పెట్టాను.

"కంగారు పడకండి అక్కా, నేనున్నాగా" అన్నాడు చక్కటి తెలుగులో. ఆ పిలుపుతో ప్రాణం లేచొచ్చింది.

కోడ్ చదవబోతుంటే పక్కనున్న పెద్దావిడ నా ఫోన్ మీద అరచెయ్యి పెట్టేసింది.

"ఏమ్మా, నీ బ్యాంకు ఎప్పుడైనా నిన్ను అక్కా అందా?"

"లేదు ఆంటీ."

"మరి కట్ చెయ్యి. కార్డ్ వెనకున్న నంబర్‌కి నువ్వే కాల్ చెయ్యి."

చేశాను. అవతలామె నా పేరును వంకరటింకరగా పలికి, తాము అసలు ఫోనే చెయ్యలేదనీ, డబ్బు భద్రంగా ఉందనీ ఇంగ్లిష్‌లో పొడిపొడిగా చెప్పింది. తలెత్తేసరికి ఆ పెద్దావిడ తన ట్రైన్ ఎక్కేసింది. థాంక్స్ చెప్పేలోగా తలుపులు మూసుకున్నాయి.

ఇప్పటికీ బ్యాంకువాళ్ళు నా పేరును ఖూనీ చేస్తూనే ఉన్నారు. మునుపైతే ఒళ్ళు మండేది. ఇప్పుడు అది వినగానే గుండె కుదుటపడుతుంది, ఆ అరచెయ్యి గుర్తొస్తుంది.