మనిషికి ఈసీ తీసే వీరాంజనేయులుగారు

వీరాంజనేయులుగారు ఎవరింట కాఫీ తాగవలసివచ్చినా, ముందుగా ఆ ఇంటివారి పేరు కౌంటీ కోర్టు రికార్డులలో వెతికి చూసుకొనేవారు. వారి మీద కేసేమీ లేదని తేలాకనే గ్లాసు అందుకొనేవారు. ఉన్నదని తేలితే ఏం చేసేవారో చాలాకాలం మాలో ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే, అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తెలుగిళ్ళలో ఆయన తాగకుండా వదిలిన కాఫీ ఒక్కటీ లేదు.

ఈ అలవాటుకు మూలం రేపల్లెలో ఉంది. అక్కడి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఆయన ముప్ఫై నాలుగేళ్ళు ఈసీలు తీశారు. స్థలం కొనబోయేవాడు, దాని మీద తాకట్టో తగవో ఉన్నదేమో చూసి కాగితం ఇమ్మని దరఖాస్తు పెట్టుకొంటాడు. పాత పుస్తకాలు తిరగవేసి ఆ కాగితం తయారుచేయడమే ఈసీ తీయడం. ఉద్యోగం రేపల్లెలోనే ముగిసింది. అలవాటు మాత్రం ఆయనతోబాటే విమానమెక్కి, కూతురు రజిని ఇంట్లో దిగింది.

“స్థలం కదలదు, మాట్లాడదు, అబద్ధమాడదు. అయినా దానికి ముప్ఫయ్యేళ్ళ ఈసీ తీస్తాం గదా మాష్టారూ! కదిలీ, మాట్లాడీ, అబద్ధాలాడే మనిషికి తియ్యొద్దూ?” అనేవారు.

వ్యాకరణంలో కాలాలు మూడని నేను జీవితమంతా పిల్లలకు చెప్పాను. వీరాంజనేయులుగారికి మాత్రం భూతకాలం ఒక్కటే. రేపు మంచు పడుతుందా అని అడిగితే, నిరుడు ఈ తేదీన పడిందో లేదో చెప్పేవారు.

మా తొలి పరిచయం అక్టోబరులో, పార్కులోని చెరువు గట్టున జరిగింది. మేపుల్ ఆకులు ఒక్కొక్కటే, తొందరేమీ లేనట్టు, నీళ్ళ మీదికి దిగుతున్నాయి. ఆ రంగులు చూస్తూ నేను ఏ లోకంలోనో ఉండగా పక్కన ఎవరో దగ్గారు. తెలుగువారి దగ్గు తెలిసిపోతుంది. నమస్కరించి పేరు చెప్పాను.

“రాధాకృష్ణ. తెలుగు పండితుడిగా రిటైరయ్యాను.”

“ఇంటిపేరు?”

“కొల్లి.”

“పుట్టిన తేదీ?”

“అదెందుకండీ?”

“మిమ్మల్ని రేపు కూడా కలుద్దామని.”

జూలై ఒకటి, పందొమ్మిది వందల యాభై అని చెప్పాను. ఆ తరువాత మూడు రోజులు ఆయన కనబడలేదు. నాలుగోనాడు ఎర్రబడ్డ ముక్కుతో, చంకలో తోలుసంచితో వచ్చి, “మాష్టారూ, మీది శుభ్రంగా ఉంది. పదండి, మీ ఇంట్లో కాఫీ తాగుదాం” అన్నారు. నన్ను ఎవరైనా అంత లాంఛనంగా స్నేహానికి స్వీకరించడం అదే మొదలు.

గుడిలో పూజారిగారు, “అర్చన ఎవరి పేరు మీదండీ? గోత్రం చెప్పండి” అని అడిగితే, “చెబుతాను స్వామీ, ముందు మీ పుట్టిన తేదీ సెలవివ్వండి” అన్న మనిషి ఆయన. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు, కుర్చీలో కూర్చోగానే నోరు తెరిపించి గుడ్డ కుక్కడం వల్ల డాక్టరు వివరాలు అడగలేకపోయానని వారం రోజులు బాధపడ్డారు. పన్ను పోయినందుకు మాత్రం బాధపడలేదు. ప్రతి సోమవారం ఉదయం తన పేరు కూడా తానే వెతుక్కొనేవారు.

“మీ మీద మీకే నమ్మకం లేదా?” అని అడిగాను.

“నా మీద ఉంది. రాసేవాళ్ళ మీద లేదు.”

మా పక్కవీధి ఆంజనేయప్రసాద్ తన కూతురు గీతాంజలికి సంబంధం చూస్తూ, అబ్బాయి జాతకం పట్టుకొని వచ్చాడు. వీరాంజనేయులుగారు ఆ కాగితాన్ని తిరగవేసి, వెనుక ఏమీ రాసిలేదని చూసి పక్కన పెట్టేశారు.

“అబ్బాయి ఎక్కడెక్కడ ఉండేవాడు?”

“ఫస్ట్ షాంటిలీలో అంకుల్. తర్వాత రెడ్‌మండ్‌కి రీలొకేట్ అయ్యాడు. ఇప్పుడు ఇక్కడే వర్క్ చేస్తున్నాడు.”

“అయితే మూడు కౌంటీలూ చూడాలి. ఈ దేశంలో తప్పు ఎక్కడ చేస్తే అక్కడే రాసిపెడతారయ్యా. మనిషి ఇల్లు మారితే కాగితం వెంట రాదు.”

“మొత్తం ఆన్‌లైన్‌లో వచ్చేస్తుంది కదా అంకుల్?”

“తెర మీద వచ్చేది ఇండెక్సు. పేరు, పుట్టిన తేదీ, కేసు నంబరు, అంతే. ఇండెక్సు చూసి మనిషిని తీసేస్తే, అట్ట చూసి పుస్తకాన్ని తిట్టినట్టు. ఆ నంబరు పట్టుకుని కోర్టు కౌంటర్‌కు వెళ్ళి, ఫైలు తీయించి చదవాలి. అసలు సంగతి అందులో ఉంటుంది.”

పదిహేను రోజుల తరువాత ఆయన తీర్పు చెప్పారు: “శుభ్రం. పెళ్ళి చెయ్యండి.” ఆయన ఎవరి గురించి అయినా చెప్పేది ఆ ఒక్క మాటే. మేము నవ్వుకొనేవాళ్ళం. అందరూ శుభ్రమే అయితే ఇంత వెతుకులాట ఎందుకని నేనూ ఒకటి రెండుసార్లు హాస్యమాడాను. ఆయన తోలుసంచి గొలుసు సరిచేసుకొన్నారు.

ఫిబ్రవరిలో మా మనుమరాలు అనిక చదివే బడినుంచి ఒక ప్రకటన వచ్చింది. రెండో తరగతి పిల్లల పక్కన కూర్చొని, వారు చదువుతుంటే వినడానికి, వారానికి ఒక గంట పెద్దవాళ్ళు కావాలట. ఆ కాగితం చేతికి వచ్చిన నాటి నుంచి నేను నేల మీద నడిచినట్టు గుర్తులేదు. సుద్దముక్క వదిలి పద్ధెనిమిదేళ్ళయింది. కిటికీ బయట మంచు సుద్దపొడిలా రాలుతుంటే, నాకు తరగతి గది వినిపించేది: బల్లలు జరిపే చప్పుడు, ఒక మాట దగ్గర ఆగిపోయి తలెత్తి చూసే పిల్లవాడి మౌనం. ఆ మౌనంలో తొందరపడకుండా కూర్చోవడమే నా విద్య. మరొకటి నాకు రాదు.

కోడలు అలేఖ్య దరఖాస్తు పూర్తిచేసింది. “క్రిమినల్ హిస్టరీ చెక్ చేస్తారు మామయ్యగారూ. అందరికీ చేస్తారు, జస్ట్ ఫార్మాలిటీ” అన్నది.

పది రోజులకు జవాబు వచ్చింది. అలేఖ్య ఫోను వైపు, నా వైపు, మళ్ళీ ఫోను వైపు చూసింది.

“మామయ్యగారూ... మీ మీద కేసు ఉందట.”

“నా మీదనా?”

“నాలుగేళ్ళ క్రితం. మన కౌంటీలోనే. షాపులో దొంగతనం అట.”

అనిక చదువుతున్న పుస్తకం దించి, కళ్ళు పెద్దవి చేసి, “తాతా, నువ్వు బ్యాడ్ గై ఆ?” అని అడిగింది. భయంతో కాదు, కొంచెం గౌరవంతో.

అది నేను కానని పది రోజుల్లోగా రుజువు చూపాలి. లేకపోతే దరఖాస్తు మూసివేస్తారు. పేరు నాదే, ఇంటిపేరు నాదే, పుట్టిన తేదీ నాదే. ఇక్కడ ఆ తేదీ సంగతి కాస్త చెప్పాలి. నన్ను బడిలో చేర్చేనాడు మా అమ్మ, “పెద్ద గాలివాన వచ్చిన యేడు, కోతలప్పుడు పుట్టాడయ్యా” అన్నది. హెడ్మాస్టరుగారు కలం విదిలించి జూలై ఒకటి అని రాశారు. మా తరగతిలో ముప్ఫై ఒక్కరం ఉండేవాళ్ళం. అందరం జూలై ఒకటినే పుట్టాం. నేను ఉపాధ్యాయుణ్ణయ్యాక ఊరుకొన్నానా? అదే కలంతో, అదే తేదీతో, కొన్ని వందల మంది పిల్లలను నేనూ పుట్టించాను. ఆంధ్రదేశంలో జూలై ఒకటిన ఎందరు రాధాకృష్ణలు జన్మించారో ఆ భగవంతుడికి తెలియదు, హెడ్మాస్టర్లకే తెలుసు.

రుజువు ఎలా తేవాలో తోచలేదు. అంతకు మించిన దిగులు మరొకటి పట్టుకొన్నది. ఈ సంగతి తెలిస్తే వీరాంజనేయులుగారు మా గడప తొక్కరు. రెండు రోజులు చెరువు వైపు వెళ్ళలేదు. మూడోనాడు ఆయనే వచ్చి, బూట్ల మీది మంచు దులుపుకొని, సోఫాలో కూర్చొని, “అమ్మాయ్ అలేఖ్యా, కాఫీ!” అని కేక వేశారు.

“తాగకండి” అన్నాను.

“ఏం, పాలు విరిగాయా?”

“నా మీద కేసుంది.”

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“అక్టోబరు నుంచి.”

ఆయన తోలుసంచి తెరిచి, కోర్టు ముద్ర వేసిన నాలుగు కాగితాలు తీసి బల్ల మీద పరిచారు.

“మిమ్మల్ని చూసిన సాయంత్రమే ఇండెక్సులో దొరికారు. పేరూ, తేదీ అతికినట్టు సరిపోయాయి. కానీ ఇండెక్సే గదా! అందుకని బస్సులో కోర్టుకు పోయాను. మొదటి రోజు తప్పు బస్సు ఎక్కాను. రెండో రోజు ఫైలు గోడౌన్‌లో ఉందన్నారు. మూడో రోజు దొరికింది. ఇదిగో, ముద్దాయి ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మీరు మా గుమ్మంలోకి తల వంచి వస్తారు. ఇదిగో నేరం తేదీ. మీరు ఈ దేశానికి మొదటిసారి వచ్చింది నిరుడు ఆగస్టులో గదా, పాస్‌పోర్టులో ముద్ర ఉంటుంది. రెండూ కలిపి పంపించండి.”

“మరి నాకు మీది శుభ్రంగా ఉందని చెప్పారే!”

“ఉంది గనక చెప్పాను.”

“నాలుగు నెలలు ఈ కాగితాలు మోసుకు తిరిగారా?”

“ఏదో ఒకనాడు ఎవరో ఒకరు ఇండెక్సు ఒక్కటే చూస్తారని తెలుసు. అప్పుడు కోర్టుకు పరిగెత్తే వ్యవధి ఉంటుందో ఉండదో.”

“ముందే చెప్పవచ్చు కదా!”

“చెబితే ఏమయ్యేది? పోలీసు కారు కనబడ్డప్పుడల్లా మీరు చెట్టు చాటుకు పోయేవారు.”

నా చూపు తెరిచి ఉన్న సంచి మీద పడింది. అందులో ఇంకా చాలా కాగితాలున్నాయి. ఒక్కొక్క కట్టకు ఒక్కొక్క క్లిప్పు. పైకట్ట మీద నాకు బాగా తెలిసిన పేరేదో సగం కనిపించింది.

“వీరాంజనేయులుగారూ, మనవాళ్ళలో ఇంకా...”

ఆయన సంచి మూసేశారు. “దరఖాస్తు పెట్టుకున్నవాడికి తప్ప ఇంకొకరికి చెప్పడం మా ఆఫీసులో అలవాటు లేదు మాష్టారూ.”

కాఫీ వచ్చింది. ఆయన ఎప్పటిలాగే తాగారు.

వారం తిరిగేసరికి బడివారు క్షమాపణతో అనుమతి పంపారు. మొదటి గురువారం, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీలో కూర్చొన్నాను. ఒక పాప ఒక పొడుగుపాటి మాట దగ్గర ఆగి తలెత్తింది. నేను ఎదురుచూశాను. కిటికీలోంచి వెలుతురు ఆమె వేలి మీద పడి, వేలు కదిలేదాకా అక్కడే ఉన్నది. అంత నిండైన గంట నాకు దొరికి పద్ధెనిమిదేళ్ళయింది.

ఏప్రిల్‌లో చెరువు మీది మంచు కరిగి బాతులు వచ్చాయి. ఒకనాడు వీరాంజనేయులుగారు, “ఆయన్ని చూస్తారా?” అన్నారు.

“ఎవరిని?”

“దొంగగారిని.”

ఫైలులో చిరునామా ఉన్నదట. కాగితం చదివి ఊరుకొనే స్వభావమైతే ఆయన వీరాంజనేయులుగారు ఎందుకవుతారు? వెళ్ళి తలుపు తట్టారు. లోపలున్న పొట్టి మనిషి నాలుగేళ్ళుగా ఏ దుకాణం గడపా తొక్కలేదు. సరుకులకు వెళ్ళినా కారులోనే కూర్చొనేవాడు. ఆయన చేసిన నేరమేమిటంటే, భార్యకు శాలువా కొంటూ, అది మెరూనో ముదురెరుపో దీపాల కింద తేలక, మన బట్టలకొట్టులో చేసినట్టే వెలుతురులో చూద్దామని గుమ్మం బయటికి తీసుకువెళ్ళడం. గుమ్మంలో అలారం గంటలు మోగాయి, గార్డు వచ్చాడు, ఆయన మాట ఎవరికీ అర్థం కాలేదు. తరువాత జడ్జి కేసు కొట్టేశారు. ఆ మాట ఫైలు చివరి పేజీలో ఉన్నది; ఆయనకు ఆంగ్లం అంతంతమాత్రం, సిగ్గుపడి ఎవరినీ అడగలేదు. వీరాంజనేయులుగారు చదివి చెప్పేదాకా తాను నేరస్థుణ్ణనే అనుకొంటూ బతికాడు.

ఆ శనివారం ఆయనను చెరువు గట్టుకు తీసుకువచ్చారు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, చేతిలో టోపీ.

“నమస్కారమండీ, రాధాకృష్ణ” అన్నాడాయన.

“నమస్కారం. రాధాకృష్ణ” అన్నాను నేను.

“నా వల్ల మీకు ఇబ్బంది కలిగిందట” అన్నాడు మెల్లగా.

“మీ వల్ల కాదు. మీ హెడ్మాస్టరుగారి వల్లా, మా హెడ్మాస్టరుగారి వల్లా.”

ఆయన మొదటిసారిగా నవ్వాడు. నవ్వుతూనే నా స్వెట్టరు వైపు చూసి, కనుబొమలు ముడిచి, “ఇది నీలమాండీ, ఊదానా?” అని అడిగాడు.

“నీలమే” అన్నారు వీరాంజనేయులుగారు.

“ఈ చెట్టు కింద చూసి చెబితే ఎట్లాగండీ? ఇటు రండి” అంటూ ఆయన నా మోచెయ్యి పట్టుకొని నాలుగడుగులు నడిపించి, ఎండలో నిలబెట్టాడు. స్వెట్టరు చేతిని రెండు వేళ్ళతో సాగదీసి, తల అటు వంచి, ఇటు వంచి చూశాడు. “ఊదా!”

“నీలమయ్యా బాబూ!”

“ఊదాండీ. ఇంకో అడుగు ఇటు జరగండి మాష్టారూ.”

నేను జరిగాను. ఎండ బాగున్నది. వాళ్ళు తేల్చుకొనేదాకా చెయ్యి చాచి అలాగే నిలబడ్డాను.